స్టూడియో నెగెటివ్‌లు: నంబరు వరుసలోనే ఉంచాలా, ఊళ్ల వారీగా విడదీయాలా?

పెన్న ఒడ్డు:
కావలి వైపు మూతబడిన ఒక స్టూడియో సరుకు గ్రంథాలయానికి చేరింది. 120 సైజు (35 ఎంఎం కన్నా వెడల్పు) రోలు ఫిల్మ్ నెగెటివ్‌లు, 35 ఎంఎం నెగెటివ్‌లు, విడి ప్రింట్లు, బిల్లు రిజిస్టర్లు. కవర్ల మీద నంబరు తప్ప ఇంకేం లేదు. నా ఓటు ఊళ్ల వారీ పెట్టెలకే: అల్లూరు, బిట్రగుంట, ఉదయగిరి, కందుకూరు. వచ్చినవాళ్లు "మా ఊరి ఫోటోలున్నాయా" అంటారు గానీ 4512 కావాలని ఎవరడుగుతారు?

మన్నేరు:
విడదీయొద్దన్నా. పేరు, ఊరు, తేదీ రిజిస్టర్లోనే ఉంటాయి, దాన్ని పట్టుకునే దారం కవరు మీది నంబరొక్కటే. 6×6 సెంటీమీటర్ల బొమ్మ తీసే కెమెరాలో 120 రోలుకు 12 ఫ్రేములు. పేరు తెలియని ఫ్రేము ఏ పెళ్లిదో పక్క ఫ్రేమే చెబుతుంది. కత్తిరించి తలా ఒక పెట్టెలో వేస్తే ఆ ఆధారం మళ్లీ రాదు. పైగా బిట్రగుంట లోకోషెడ్ ముందు అల్లూరు పెళ్లివారు నిలబడి ఉంటే యాడ పెడతారు? వస్తువుకు ఒక్క చోటే. ఊరు, సందర్భం, సంవత్సరం ఎక్సెల్ గళ్లలో పెట్టండి, ఎట్టా కావాలంటే అట్టా వెతుక్కోవచ్చు.

గుండ్లకమ్మ:
ఆ గళ్లలో జిల్లాను నమ్ముకోవద్దు. కందుకూరు 1970 దాకా నెల్లూరు, ఆ తర్వాత ప్రకాశం, 2022లో మళ్లీ నెల్లూరు. మండలాలొచ్చిందే 1985లో, 1968 ఫోటోకు మండలం రాస్తే అది మన కల్పన. ఊరి పేరు ఒక గడి, రిజిస్టర్లో రాసినట్టే ఇంకో గడి. రెండోదాంట్లో అక్షరదోషం కూడా దిద్దొద్దు.

పెన్న ఒడ్డు:
ఎక్సెల్ సరే సామీ. ఆపరేటరు సెలవు పెడితే? డెబ్బయ్యేళ్ల పెద్దాయన మౌసు పట్టుకుంటాడా?

మన్నేరు:
స్కాన్లను చిన్న సైజులో ప్రింటు తీసి ఊరికో ఆల్బం కుట్టించండి. ప్రతి బొమ్మ కింద నెగెటివ్ నంబరు. ఇందాకటి పెళ్లి ఫోటో రెండు ఊళ్ల ఆల్బంలోనూ ఉంటుంది. చేతులు మారేది ఆల్బమే, నెగెటివ్ బీరువా దాటదు.

బొగ్గేరు:
వరుస సంగతి తర్వాత, ముందు వాసన చూడండి. పుల్లగా వెనిగర్ వాసనొస్తే అసిటేట్ ఫిల్మ్ (పాత నెగెటివ్‌ల ప్లాస్టిక్) కుళ్లుతున్నట్టు. ఆ ఆవిరి పక్కవాటినీ పాడుచేస్తుంది. వేరే గదికి మార్చి, వాటినే ముందు స్కాన్ చేయాలి. మన తీరంలో తేమ ఎక్కువ కాబట్టి గాలాడని ప్లాస్టిక్ డబ్బా పనికిరాదు. పీవీసీ కవర్లు అసలొద్దు, యాసిడ్ లేని కాగితం గానీ పాలియెస్టర్ గానీ వాడాలి. నంబరు ముందే పెన్సిల్‌తో రాసి, ఆ తర్వాత నెగెటివ్ దూర్చాలి. దూర్చాక రాస్తే ఒత్తు ఫిల్మ్ మీద పడుతుంది.

స్కాను: 35 ఎంఎంకు 4000 డీపీఐ (అంగుళానికి చుక్కలు), 120కి 2400, ప్రింటుకు 600. కలర్ 35 ఎంఎం ఫ్రేము టిఫ్‌గా (నాణ్యత తగ్గకుండా దాచే ఫైలు) 60 ఎంబీ దాటుతుంది, హార్డ్ డిస్కులు రెండు కొని రెండో దాన్ని వేరే భవనంలో పెట్టండి. జనానికి చూపేది చిన్న జేపెగ్. ఫైలు పేరు 02-04512-07: రిజిస్టరు, కవరు, ఫ్రేము. ముందు సున్నాలు లేకపోతే 10 వచ్చి 2 కంటే పైన కూర్చుంటుంది.

గుండ్లకమ్మ:
నెట్‌లో పెట్టే ముందు హక్కుల సంగతి. స్టూడియో యజమాని రాసిచ్చిన కాగితం ఒక్కటే చాలదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకుంటే, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు తొలి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫోటోలన్నీ అందులోకే వస్తాయి.

మన్నేరు:
అట్టయితే పెట్టెలో మూడొంతులు ఎప్పటికీ బయటికి రావు. చిన్న సైజులో పెట్టి, అభ్యంతరమొస్తే తీసేద్దాం.

గుండ్లకమ్మ:
నేనొప్పుకోను. వాట్సాప్‌లో తిరిగాక తీసేదేముంది? రొట్టెల పండగ, రైల్వే, బజారు ఫోటోలు నెట్‌లో పెట్టండి. ఇళ్లలోవి గ్రంథాలయంలో కూర్చుని చూసుకోవాలి, కాపీ కావాలంటే ఆ కుటుంబం దరఖాస్తు రాయాలి.

పెన్న ఒడ్డు:
నెగెటివ్‌ల విషయంలో ఓడిపోయా. నంబరే లేని విడి ప్రింట్లను ఊళ్ల వారీగా పెడితే తప్పేంటి?

మన్నేరు:
వాటికి తప్పు లేదు. ఏ పెట్టెలో, ఏ కట్టలో దొరికిందో వెనక అంచున మెత్తటి పెన్సిల్‌తో రాసి కదపండి. బాల్ పెన్ను వద్దు, ముందువైపుకు అచ్చు పడుతుంది.