మా పెద్దబ్బాయి తొలి మాటలున్న క్యాసెట్ మధ్యలో ఆగిపోతోంది

కెమెరా కొనే స్థోమత లేని రోజుల్లో, 1991లో, అడిగి తెచ్చుకున్న టేప్‌రికార్డరులో మా పెద్దబ్బాయి ముద్దుమాటలను 60 నిమిషాల క్యాసెట్‌పై రికార్డు చేసుకున్నాము. వాడి పసితనానికి మాకు మిగిలిన గుర్తు అదొక్కటే. ఇప్పుడు మొదటి వైపు నాలుగు నిమిషాలు స్పష్టంగా వినిపించి, సరిగ్గా వాడు "నాన్నా, లైటు" అనే చోట కీచుమంటూ టేపు ఆగిపోతోంది. ప్లేయరు హెడ్‌ను, రబ్బరు రోలరును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను, పెన్సిలుతో టేపును చివరిదాకా చుట్టి వెనక్కి తిప్పాను, మరో ప్లేయరులోనూ వేసి చూశాను, ఫలితం లేదు. టేపు చుట్ట అంచున తెల్లని పొడి కనిపించడంతో, బూజేమోనన్న భయంతో నిన్నటి నుంచి దానిని నడపలేదు. క్యాసెట్ పెట్టెకు మరలు లేవు, అంచులు అతికించి ఉన్నాయి. టేపు తెగకుండా, ముడత పడకుండా ఈ పెట్టెను విప్పి, చుట్టలను మరలున్న వేరే పెట్టెలోకి మార్చే పద్ధతి ఏమిటో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరా?