నల్ల బీటిల్‌పై క్లియర్ కోటు వేయగానే పాలపొర కమ్మింది: బాడీని కాపాడుకొనే దారి ఉందా?

సాగరతీరం (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా 1/24 స్కేలు కార్ల కిట్లు కూర్చి రంగులు వేస్తున్నాను. ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది టామియా వారి 1966 నాటి వోక్స్‌వ్యాగన్ 1300 బీటిల్. బాడీని గిన్నెలు తోమే సబ్బు నీళ్లతో కడిగి, ఆరబెట్టి, ప్రైమర్ (రంగు పట్టేందుకు వేసే తొలి పూత) వేసి, దాని మీద టామియా స్ప్రే డబ్బా రంగు టీఎస్-14 నలుపును మూడు పలుచని కోట్లుగా మే నెలలోనే వేశాను. నలుపు చక్కగా కుదిరింది. ఆ తరువాత ఆఫీసు పనుల వల్ల రెండు నెలలకు పైగా దాన్ని ముట్టుకోలేదు.

మొన్న ఆదివారం మెరుపు కోసం పైన వేసే రంగులేని పూత, టీఎస్-13 క్లియర్, వేద్దామని కూర్చున్నాను. మా బాల్కనీలో పొద్దెక్కితే సముద్రపు గాలి వీస్తుంది, పైగా వాసన వస్తోందని పక్క ఫ్లాటు వారు నొచ్చుకొంటారు. అందుకని ఎప్పటిలాగే ఉదయం ఆరు గంటలకే పని మొదలుపెట్టాను. మొదటి కోటు వేసిన ఐదారు నిమిషాలకే బానెట్ మీద, టాపు మీద పల్చని పాలు పోసినట్టు తెల్లటి పొర ఏర్పడింది. ఆరితే పోతుందేమోనని రెండో కోటు కూడా వేశాను, పొర మరింత చిక్కబడింది. తెలుపు కారైతే బహుశా తెలిసేది కాదు. నలుపు కావడంతో బూజు పట్టిన బూటులా కనిపిస్తోంది. దీనికి తోడు టాపు మీద నారింజ తొక్కలాంటి గరుకుదనం కూడా వచ్చింది.

మే నెలలో ఇదే బాల్కనీలో, ఇదే వేళకు నలుపు వేసినప్పుడు ఏ ఇబ్బందీ రాలేదన్నదే నాకు అంతుపట్టని విషయం. క్లియర్ డబ్బా కొత్తదే. రంగంతా కరిగించి తీసేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలా, లేక ఉన్నదాన్ని బాగుచేసుకొనే మార్గం ఉందా?

కృష్ణలంక కిట్లు (విజయవాడ)

ఏదీ కరిగించకండి. జవాబు పూర్తిగా చెప్పే ముందు ఒక్క ప్రశ్న అడుగుతాను: క్లియర్ వేసే ముందు రాత్రి బాడీ ఎక్కడ ఉంది? మే నెలలో నలుపు వేసే ముందు రాత్రి ఎక్కడ ఉంది?

సాగరతీరం

మే నెలలో బాల్కనీలోనే, చెప్పుల స్టాండు మీద అట్టపెట్టెలో ఉంచాను. ఈసారి దుమ్ము పడకూడదని పడకగదిలో పెట్టాను. ఆ గదిలో రాత్రంతా ఏసీ 24 డిగ్రీల మీద నడిచింది. తెల్లవారాక నేరుగా బాల్కనీలోకి తెచ్చి స్ప్రే చేశాను.

కృష్ణలంక కిట్లు

దొంగ దొరికాడు. ఏసీ గదిలోంచి బయటికి రాగానే మీ కళ్లద్దాలు ఎలా మసకబారతాయో, మీ బీటిల్ కూడా అలాగే మసకబారింది. తేడా అల్లా కళ్లద్దాలను తుడుచుకొన్నారు, బాడీ మీది చెమ్మను మాత్రం లాకర్ (త్వరగా ఆరే ఈ స్ప్రే రంగు) పొర కింద బంధించారు.

కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ లెక్క తెలిస్తే వానాకాలంలో కూడా ధైర్యంగా రంగు వేసుకోవచ్చు. గాలిలోని తేమ ఏ ఉష్ణోగ్రత దగ్గర నీరుగా మారి చల్లని వస్తువు మీద పేరుకొంటుందో దాన్ని మంచు బిందువు అంటారు. ఉదయం ఆరు గంటలకు బాల్కనీలో 29 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్నాయనుకొంటే, ఆ గాలి మంచు బిందువు సుమారు 26 డిగ్రీలు. మీ బాడీ 24 డిగ్రీల గదిలోంచి వచ్చింది కనుక స్ప్రే డబ్బా మూత తీయకముందే దాని మీద కంటికి కనిపించని చెమ్మ చేరడం మొదలైపోయింది. ఆపైన లాకర్‌ను పలుచన చేసే ద్రవం, అంటే థిన్నర్, చాలా వేగంగా ఆవిరవుతుంది. ఆవిరయ్యేటప్పుడు చేతి మీద స్పిరిట్ రాసుకొన్నట్టుగా ఉపరితలాన్ని ఇంకా చల్లబరుస్తుంది. స్ప్రే చేస్తున్నకొద్దీ డబ్బా కూడా చల్లబడి రంగును చల్లగానే వదులుతుంది. ఈ మూడు చల్లదనాలూ ఒకేసారి కలిసివచ్చాయి. ఆరుతున్న పొరలో అలా చిక్కుకొన్న తేమ కాంతిని చెదరగొట్టడం వల్లనే అది తెల్లగా కనిపిస్తుంది. దీన్నే మనవాళ్లు బ్లషింగ్ అంటారు.

ఇక చాలామంది పొరపడే సంగతి ఒకటి ఉంది. ఎండ ఉండదు, గాలి ఉండదు కదా అని అందరూ తెల్లవారుజామునే ఎంచుకొంటారు, కానీ కోస్తాలో సాపేక్ష తేమ రోజు మొత్తంలో గరిష్ఠంగా ఉండేది సరిగ్గా అప్పుడే. అదే రోజు మధ్యాహ్నం రెండు గంటలకు 33 డిగ్రీలు, 65 శాతం ఉన్నాయనుకోండి. మంచు బిందువు అప్పుడు కూడా 25 డిగ్రీలకు కాస్త పైనే ఉంటుంది, పెద్దగా మారదు. మారేది గాలి వేడికీ మంచు బిందువుకూ మధ్య ఉన్న దూరం: ఉదయం మూడు డిగ్రీలైతే మధ్యాహ్నం ఏడెనిమిది డిగ్రీలు. థిన్నర్ ఆవిరవుతూ ఉపరితలాన్ని నాలుగైదు డిగ్రీలు చల్లబరిచినా ఆ దూరం మిమ్మల్ని కాపాడుతుంది. గోడ గడియారం పక్కన ఒక డిజిటల్ తేమమాపకం తగిలించుకోండి, ఖర్చు కొద్ది వందల రూపాయలే. నేనైతే అందులో 65 దాటితే క్లియర్ జోలికి వెళ్లను.

బాగుచేసే పద్ధతి ఇది. లాకర్ మీద మళ్లీ లాకర్ పడితే కింది పొర కొంత కరుగుతుంది. పొడిగా ఉన్న రోజు మధ్యాహ్నం, బాడీని గంటన్నర ముందే బాల్కనీలో నీడన ఉంచి బయటి వేడికి అలవాటు పడనివ్వండి. తరువాత అదే టీఎస్-13ను ఒక తడి కోటు (ఉపరితలం తడిగా మెరిసేలా కాస్త నిండుగా) వేస్తే పాత పొర మెత్తబడి, లోపలి తేమ బయటపడి, చాలా వరకు తెలుపు పోతుంది. ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే చిన్న పరికరం) ఉంటే ఇంకా మంచిది: మిస్టర్ కలర్ లెవెలింగ్ థిన్నర్‌లో ఆరే వేగాన్ని తగ్గించే రిటార్డర్ ముందే కలిసి ఉంటుంది కనుక, దాన్నే మంచులా పలుచగా పట్టించినా తెల్లపొర కరిగిపోతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, ఆత్రపడి ఎక్కువ పోస్తే నలుపు కూడా కదిలి అంచుల దగ్గర జారుతుంది. నల్ల రంగు వేసిన ప్లాస్టిక్ చెంచా మీద ముందుగా పరీక్షించాకే బాడీ దగ్గరికి వెళ్లండి.

ఆటోనగర్ పాతకాపు (హైదరాబాద్)

పాలపొర గురించి పై వారు చెప్పినదానికి నేను చేర్చేది లేదు. నారింజ తొక్క సంగతి చెబుతాను. ఒకప్పుడు అసలు కార్లకు రంగులు వేసే షెడ్డులో పనిచేసినవాణ్ణి, ఇప్పుడు సెలవు రోజుల్లో చిన్న కార్లకు వేస్తున్నాను.

డబ్బాను దూరంగా పట్టుకొంటే రంగు తుంపరలు గాలిలోనే సగం ఆరిపోయి, ఉపరితలం మీద పడ్డాక ఒకదానితో ఒకటి కలవక గుండ్రంగా నిలిచిపోతాయి. చాలామంది రంగు జారుతుందన్న భయంతో ముప్పై, నలభై సెంటీమీటర్ల దూరం నుంచి కొడతారు. పదిహేను, ఇరవై మధ్య ఉండాలి. చేయి మాత్రం బాడీకి ముందే మొదలై బాడీ దాటాకే ఆగాలి. డబ్బా చల్లగా ఉన్నా తుంపర లావుగా వస్తుంది. చేయి పెట్టగలిగేంత గోరువెచ్చని నీళ్లలో, అంటే నలభై డిగ్రీలకు మించకుండా, డబ్బాను ఐదు నిమిషాలు ఉంచి, తుడిచి, బాగా ఊపి వాడండి. పొయ్యి మీద మరుగుతున్న నీళ్లలో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు, అది పేలుతుంది.

వచ్చిన గరుకుదనాన్ని తీయడానికి తొందరపడకండి. లాకర్ పైకి అరగంటలో ఆరినట్టు కనిపించినా లోపలి థిన్నర్ వెళ్లిపోవడానికి రోజులు పడుతుంది. బాడీని ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూడండి. ఇంకా ఘాటు తగులుతుంటే ఇంకా ఆరలేదనే లెక్క. నేను కనీసం వారం ఆగుతాను, వానాకాలంలో పది రోజులు. తరువాత 2000 నంబరు వాటర్ పేపరును ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లలో ఒక చుక్క సబ్బు వేసి, ఒకే దిశలో మెల్లగా రుద్దండి. ఉపరితలం అంతా ఒకేలా మెరుపు లేకుండా మారి, మెరిసే చుక్కలు మాయమయ్యే వరకే రుద్దాలి, ఆ తరువాత ఒక్క రుద్దు కూడా ఎక్కువే. పిదప 3000 నంబరు, ఆపైన కాంపౌండు, అంటే మెరుగు పెట్టే ముద్ద. టామియా వారు ముతక, సన్నం, ఫినిష్ అని మూడు రకాలు అమ్ముతారు.

షెడ్డులో వాడే రబ్బింగ్ కాంపౌండును తెచ్చి వాడవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే ఆ పొరపాటు నేను చేశాను. అసలు కారు మీది గట్టిపడిన క్లియర్‌ను కోయడానికి తయారైన ముతక పదార్థం అది. మన పలుచని మెత్తని లాకర్‌ను రెండు నిమిషాల్లో ప్రైమర్ దాకా తినేసింది. చిన్న మోటారుకు బఫింగ్ చక్రం తగిలించడం కూడా వద్దు, రాపిడి వేడికి కిట్టు ప్లాస్టిక్ అయిన పాలీస్టైరీన్ మెత్తబడిపోతుంది. వేలికి మెత్తని గుడ్డ చుట్టుకొని రుద్దితే చాలు. మీ దగ్గరలోని ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసేవారిని చూడండి, తిరుగుతున్న కొయ్యకు లక్క ఒత్తి, చివరకు మొగలి ఆకుతో రుద్ది ఆ నిగారింపు తెస్తారు. ఎంత రంగు పట్టించామన్నది కాదు, ఎంత సమంగా రుద్దామన్నదే అక్కడా లెక్క.

బీటిల్‌లో అసలు ప్రమాదం దాని ఒంపుల్లో ఉంది. నాలుగు ఫెండర్ల (చక్రాల పైని మడ్‌గార్డుల) నడినెత్తులు, బానెట్ మధ్య గీత, వాన నీరు జారే గాడి అంచులు, ఇవన్నీ వాటర్ పేపరు ముందుగా తగిలే చోట్లు. రుద్దే ముందు వాటి మీద సన్నని మాస్కింగ్ టేప్ అంటించి, చివర్లో టేప్ తీసి, అక్కడ కాంపౌండు మాత్రమే వాడండి.

బేఏరియా బుల్లికార్లు (కాలిఫోర్నియా)

పై ఇద్దరి సలహాలూ సరైనవే, అయినా నాది వేరే అభిప్రాయం. అసలు ఈ కారుకు క్లియర్ ఎందుకు? టీఎస్-14 తనంతట తానే మెరిసే నలుపు. మెటాలిక్ రంగైతే క్లియర్ తప్పదు, ఎందుకంటే నేరుగా పాలిష్ చేస్తే లోహపు రేణువులు చెదిరి మచ్చలు పడతాయి. రేసు కార్లలా డెకాల్స్ (పలుచని బొమ్మల స్టిక్కర్లు) అంటించినప్పుడు కూడా వాటి అంచులు కనిపించకుండా క్లియర్ కావాలి. అక్కడ కూడా మొదటి రెండు కోట్లు పొగమంచులా పట్టించకపోతే థిన్నర్‌కు డెకాల్ ముడుచుకుపోతుంది. డెకాల్ లేని సాదా నలుపుకు ఇవేవీ అవసరం లేదు. 1966 నాటి అసలు బీటిల్‌కు కూడా రంగు మీద విడిగా క్లియర్ కోటు ఉండేది కాదు.

ఇంకో లెక్క చూడండి. రంగు పొరలన్నీ కలిసి 0.1 మిల్లీమీటరు మందమైనా, 24 రెట్లు పెంచితే 2.4 మిల్లీమీటర్లు, అంటే కారుకు గోడ గిలాబా చేసినట్టు. అసలు కారులో తలుపు సందు నాలుగు మిల్లీమీటర్లనుకొంటే మన బాడీ మీద అది 0.17 మిల్లీమీటరు మాత్రమే. ప్రైమరు, నలుపు, నాలుగు కోట్ల క్లియర్ పడ్డాక ఆ గీత పూడిపోకుండా ఎలా ఉంటుంది? అందుకే నేను ప్రైమర్‌కు ముందే ప్యానెల్ లైన్లను, అంటే తలుపులు, బానెట్ చుట్టూ ఉండే ఆ గీతలను, స్క్రైబర్ అనే మొనదేలిన పనిముట్టుతో కొంచెం లోతు చేసుకొంటాను. అద్దంలా మెరిసే కారు ఫొటోలో బాగుంటుంది, కానీ నా కంటికి అది పంచదార పాకంలో ముంచి తీసినట్టు ఉంటుంది. మీరు ఎలాగూ రెండు కోట్లు వేసేశారు కనుక ఇప్పుడు ఆ తడి కోటు ఒక్కటి వేసి ఆపేయండి, ఇంకా పెంచవద్దు.

ఎవరైనా గట్టిపడే రెండు భాగాల క్లియర్ వాడమని సలహా ఇవ్వవచ్చు. దానిలో బ్లషింగ్ బెడద తక్కువే, మెరుపూ ఎక్కువే. కానీ దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, అవి ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి, ఒకసారి వాటికి ఒళ్లు ఎదురు తిరిగితే తరువాత కొద్దిపాటి మోతాదుకే ఆయాసం వస్తుంది. ఫ్లాటు బాల్కనీ దానికి తగిన చోటు కాదు. మామూలు లాకర్‌కు కూడా ఎన్95 మాస్కు చాలదు. అది తుంపరను ఆపుతుంది తప్ప థిన్నర్ ఆవిరిని ఆపలేదు. సేంద్రియ ఆవిర్లను పీల్చుకొనే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కొనుక్కోండి. స్ప్రే చేసేటప్పుడు వంటింట్లో పొయ్యి, దేవుడి దగ్గర దీపం రెండూ ఆరి ఉండాలి.

సాగరతీరం

మూడు వారాల తరువాత వచ్చి రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. తేమమాపకం కొని ఎనిమిది రోజులు గమనించాను. ఉదయం ఆరింటికి ఏ రోజూ 80కి తగ్గలేదు. 65 కంటే తక్కువ కనిపించింది రెండు మధ్యాహ్నాలు మాత్రమే. రెండోదాన్ని వదలలేదు. రెండు చెంచాల మీద పరీక్షించి, బాడీని భోజనానికి ముందే బాల్కనీలో పెట్టి, రెండున్నరకు డబ్బాను గోరువెచ్చ చేసుకొని ఒక తడి కోటు వేశాను. బానెట్ మీది తెలుపు నా కళ్ల ముందే కరిగిపోతుంటే ఇంట్లో వాళ్లను పిలిచి చూపించాను. వెనుక అద్దం కింది గాడిలో మాత్రం సన్నని తెల్లని గీత మిగిలింది, అక్కడికి తుంపర సరిగా చేరలేదు.

పది రోజులు ఆగి 2000 వాటర్ పేపరు పట్టాను. టేప్ అంటించమన్న మాట మూడు ఫెండర్లకు పాటించి, నాలుగోదానికి వచ్చేసరికి టేప్ అయిపోయిందని వదిలేశాను, సరిగ్గా ఆ ఎడమ ముందు ఫెండరు నెత్తి మీదే బూడిద రంగు ప్రైమర్ బయటపడింది. టీఎస్-14ను మూతలోకి కొట్టి, గాలి బుడగలు పోయాక సన్నని కుంచెతో రెండుసార్లు అద్ది, ఆరాక సన్నపు కాంపౌండుతో కలిపేశాను. తెలిసినవారికి తప్ప కనిపించదు. బేఏరియా వారి మాట విని క్లియర్ అంతటితో ఆపాను, తలుపు గీతలు నిలిచాయి.

ఇక మిగిలింది కిటికీల చుట్టూ ఉన్న క్రోమ్ పట్టీ. దానికి అల్యూమినియం రేకు అంటించాలా, వెండి రంగు కుంచెతో గీయాలా అన్నది తేల్చుకోలేదు. రేకు వాడినవారు ఆ వంపుల దగ్గర ముడతలు రాకుండా ఎలా కోస్తారో చెబితే, ఈ ఆదివారం ఆ పని చూస్తాను.