గ్రహశకలమా, లఘుగ్రహమా? వెస్టాను ఏమనాలి

ప్రశ్న (సిరోంచ, గడ్చిరోలి జిల్లా):
మాకు ఇంటి భాష తెలుగు, బడి భాష మరాఠీ. మరాఠీలో ‘లఘుగ్రహ’ అని చదువుకున్న పిల్లలకు గోదావరి అవతలి నుంచి వచ్చే తెలుగు పత్రికల్లో ‘గ్రహశకలం’ కనిపిస్తుంది. అంగారకుడికీ గురుడికీ నడుమ సూర్యుడి చుట్టూ తిరిగే వెస్టా అనే చిన్న గోళం గురించి వారిచేత తెలుగు వ్యాసం రాయిస్తున్నాను. ఏ మాట వాడమని చెప్పాలో పెద్దలు తెలుపగలరు.

జవాబు (బల్లార్షా):
గ్రహశకలం షష్ఠీ తత్పురుష సమాసం, అంటే గ్రహం యొక్క ముక్క. లఘుగ్రహం విశేషణ పూర్వపద కర్మధారయం, అంటే చిన్నదైన గ్రహం. మొదటి మాట పగిలిన గ్రహమొకటి ఉండేదని ముందే ఒప్పుకుంటుంది, రెండవది ఒప్పుకోదు. శాస్త్రజ్ఞులలోనూ ఒకప్పుడు ఇలాంటి ఊహే ఉండేది. 1801 జనవరి 1న పలెర్మోలో పియాజ్జి సెరెస్‌ను, 1802 మార్చిలో ఓల్బర్స్ పల్లాస్‌ను కనుగొన్నారు. అంగారకుడికీ గురుడికీ నడుమ, సూర్యుడి నుంచి దాదాపు ఒకే దూరంలో రెండు గోళాలు కనిపించేసరికి, అవి బద్దలైన ఒకే గ్రహపు ముక్కలై ఉంటాయని ఓల్బర్స్ తలచాడు. ముక్కలన్నీ ఒకచోట నుంచి చెదిరినవైతే వాటి కక్ష్యలు మళ్లీ ఆ దిక్కున కలవాలి గనుక, అక్కడే ఏళ్ల తరబడి వెతికి, 1807 మార్చి 29న బ్రెమెన్‌లో వెస్టాను పట్టుకున్నాడు. దానికి ఆ పేరు పెట్టినవాడు గణితవేత్త గాస్.

విచిత్రమేమిటంటే, ముక్కల కోసం వెతికినవాడికి దొరికిన వెస్టా ముక్క కాదు. సగటు వ్యాసం సుమారు 525 కిలోమీటర్లు; 5 గంటల 20 నిమిషాలలో తన చుట్టూ తాను, 3.6 సంవత్సరాలలో సూర్యుడి చుట్టూ తిరుగుతుంది. ఒకప్పుడు లోపల కరిగి, ఇనుము అడుగుకు దిగి, పైన బసాల్టు పెంకు కట్టింది. మన మహారాష్ట్రలో ఎక్కువ భాగాన్ని పరచుకున్న నల్లరాయి కూడా ఆ జాతిదే. 2011 జులై నుంచి 2012 సెప్టెంబరు వరకు వెస్టా చుట్టూ తిరిగిన నాసా అంతరిక్ష నౌక డాన్ పరిశీలనలు ఈ నిర్మాణాన్ని బలపరిచాయి. పైగా అంగారకుడికీ గురుడికీ నడుమ పట్టీలా పరచుకున్న ఇలాంటి గోళాలన్నిటినీ కలిపినా చంద్రుడి ద్రవ్యరాశిలో 3, 4 శాతమే. గురుడి ఆకర్షణ వల్ల అక్కడ గ్రహమే కట్టలేదని నేటి అవగాహన. కనుక వెస్టాకు నా ఓటు లఘుగ్రహానికే, అది మరాఠీ నుంచి వచ్చిందని ఎవరైనా అభ్యంతరపెట్టినా సరే. రెండు పదాలూ సంస్కృతానివే కదా.

మరొక జవాబు (కిన్వట్):
పైవారి వాదం సబబే గాని, శకలాన్ని పూర్తిగా వదలకండి. వెస్టా దక్షిణ ధ్రువం వద్ద రియాసిల్వియా అనే 500 కిలోమీటర్ల వెడల్పైన గుంత ఉంది. అటువంటి ఢీకొట్టులకు ఎగిరిపడిన రాళ్లే ‘వెస్టాయిడ్’లుగా నేటికీ తిరుగుతున్నాయి. 1996లో రాజస్థాన్‌లోని పిప్లియా కలాన్‌లో పడిన ఉల్కాశిల కూడా యూక్రైట్ అనే, వెస్టా నుంచి వచ్చినట్టు భావించే తరగతికి చెందినదే. వీటిని వెస్టా శకలాలనడమే న్యాయం. సెరెస్‌ను మాత్రం 2006 నుంచి మరుగుజ్జు గ్రహంగా లెక్కిస్తున్నారు గనుక, పిల్లలు దానిని ఈ రెండు మాటల్లో దేనితోనూ సరిపెట్టకుండా చూడండి.