అలుమ్ని (పూర్వ విద్యార్థుల) విభాగానికి ప్రత్యేక ఉద్యోగి కావాలా, అధ్యాపకులు చాలరా?

పెన్నా గట్టు (అనంతపురం):
మా వైపు ఒక యూనివర్సిటీ అలుమ్ని సెల్‌లో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. "దీనికి వేరే మనిషెందుకు, మాలో ఒకరికి అదనపు బాధ్యత ఇస్తే సరిపోతుంది" అని మొన్న ఒక ప్రొఫెసర్ గారు అన్నారు. నా దృష్టిలో ఇది పూర్తికాలం పని. మీరేమంటారు?

బురుజు నీడ (కర్నూలు):
ఆయన చెప్పిందే కరెక్ట్. చదువు చెప్పిన సార్ ఫోన్ చేస్తే అమెరికాలో ఉన్నవాడైనా ఎత్తుతాడు. "అలుమ్ని సెల్ నుంచి" అనగానే చందా కోసమని పెట్టేస్తాడు. అయినా గెస్టు లెక్చరర్లకే జీతాలు సరిగా రాని చోట దీనికో పోస్టా అన్నా?

పెన్నా గట్టు:
సార్ ఫోన్ చేస్తే ఎత్తుతారు, ఒప్పుకుంటా. ఆయన రిటైరైతే నంబర్లన్నీ ఆయనతోనే పోతాయి, తర్వాత వచ్చినవారు మళ్లీ మొదటినుంచి వెతుక్కోవాలి.

అసలు తలనొప్పి రికార్డులు. అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీనే చూడండి. 1946లో మద్రాసు గిండీలో మొదలై, 1948లో ఇక్కడికొచ్చింది. మొదట మద్రాసు యూనివర్సిటీ, తర్వాత ఎస్వీ, 1972 నుంచి జేఎన్‌టీయూ, 2008లో జేఎన్‌టీయూ అనంతపురం. ఒకే కాలేజీలో చదివినవాళ్ల పట్టాల మీద ఇన్ని పేర్లు! అరవైల బ్యాచ్ పెద్దాయనకు "మన యూనివర్సిటీ" అని ఉత్తరం రాస్తే ఆయనకేం అర్థమవుతుంది? "మన ఇంజనీరింగ్ కాలేజీ" అనాలి. 1981లో యూనివర్సిటీ కాకముందు కృష్ణదేవరాయలో చదివినవాళ్లదీ ఇదే కథ, వాళ్లది ఎస్వీ పీజీ సెంటర్. ఇవన్నీ విడదీసి, బ్యాచ్‌కొకరిని పట్టుకుని లిస్టు సరిచేయడం క్లాసుల మధ్య ఖాళీలో అయ్యే పనా?

తృప్తి లేదని కాదు. డబ్బు ఇవ్వలేనన్న ఒకాయన శనివారాల్లో మా పిల్లలకు ఆన్‌లైన్‌లో మాక్ ఇంటర్వ్యూలు చేస్తున్నారు. ఊళ్లోంచి మొదటిసారి చదువుకొచ్చిన పిల్లలకు అది చెక్కు కంటే ఎక్కువ. రిపోర్టులో మాత్రం దానికి గడి లేదు, "ఎంత వసూలైంది" అనే అడుగుతారు. యూనివర్సిటీలకు గ్రేడ్లిచ్చే నాక్ టీమ్ వస్తోందంటే టెన్షన్, హడావిడిగా ఒక సమ్మేళనం, శాలువాలు, ఫొటోలు. ఆ తర్వాత ఎవరికీ పట్టదు.

గండికోట (కడప):
నాకైతే డబ్బు అడగడమే తప్పనిపిస్తుంది, కనీసం మా దగ్గర. యోగి వేమన యూనివర్సిటీ పెట్టిందే 2006లో. ఇక్కడ చదివినవాళ్లు ఇంకా ఇంటి లోన్లు, పిల్లల ఫీజుల్లోనే ఉన్నారు. వాళ్లను సలహా అడగాలి, ఇంటర్న్‌షిప్ అడగాలి. విదేశాల నుంచి తీసుకోవాలన్నా రూల్స్ ఉన్నాయి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదనలోంచి ఇస్తే విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇస్తే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కిందికి వస్తుంది. మినహాయింపు లేని సంస్థలైతే అనుమతి తెచ్చుకుని, ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలోని ప్రత్యేక ఖాతాలోనే తీసుకోవాలి. ఇది తెలియని మాస్టారు సొంత ఖాతా నంబరు వాట్సాప్ గ్రూపులో పెడితే ఆయనకే చిక్కు. అందుకే పని తెలిసిన మనిషి ఉండాలి.

బురుజు నీడ:
సరే, రికార్డుల మాట నిజమే. మనిషిని పెట్టండి. జీతం మాత్రం యూనివర్సిటీ బడ్జెట్‌లోంచే ఇవ్వాలి. పిల్లల స్కాలర్‌షిప్పుకని నేనిచ్చిన డబ్బు ఆఫీసు జీతాలకు పోతే, వచ్చే ఏడాది నన్ను అడగొద్దు.

పెన్నా గట్టు:
ఆ షరతు రాతపూర్వకంగా పంపగలవా అన్నా? చందా ఇచ్చినవాళ్ల మాటైతేనే మా వాళ్లు వింటారు.