అప్‌డేట్: నా అయాన్ ట్రాన్సిస్టర్ సిమ్యులేషన్ నడిచింది
పెడాట్ పీఎస్ఎస్ (కరెంటు, అయాన్లు రెండూ పారే ప్లాస్టిక్) ఫిల్మ్‌తో చేసిన ట్రాన్సిస్టర్ మోడల్ గేట్ వోల్టేజ్ పెంచగానే ఆగిపోతోంది, ఫిల్మ్ మందం మార్చినా ట్రాన్స్‌కండక్టెన్స్ (గేట్ వోల్టేజ్ కొంచెం మారితే కరెంటు ఎంత మారుతుందో ఆ లెక్క) మారట్లేదు అని ఇంతకుముందు ఇక్కడ అడిగా, రెండూ తేలాయి. 0.1 మోలార్ ఉప్పునీళ్లలో డిబై లెంత్ (ఛార్జ్ ప్రభావం ఎంత దూరం వరకు తెలుస్తుందో అది) దాదాపు 1 నానోమీటరే, నా మెష్ (లెక్క కోసం మోడల్‌ని విడగొట్టే చిన్న గళ్లు) దానికి మరీ పెద్దది, ఎలక్ట్రోలైట్ (అంటే ఆ ఉప్పునీళ్లు) ఫిల్మ్‌ని తాకేచోట పొటెన్షియల్ ఒక్క సెల్‌లోనే పడిపోతోంది, అక్కడ మెష్ సన్నగా చేసి వోల్టేజ్ చిన్న స్టెప్పుల్లో పెంచితే ఆగకుండా నడిచింది. రెండోది, మామూలు మాస్‌ఫెట్ (చిప్పుల్లో ఉండే సిలికాన్ ట్రాన్సిస్టర్)లా కెపాసిటెన్స్‌ని, అంటే ఛార్జ్ పట్టే సామర్థ్యాన్ని, ఏరియాకి లెక్కేశా, ఇక్కడ అయాన్లు ఫిల్మ్ లోపలికంతా దిగుతాయి కాబట్టి వాల్యూమ్‌కి లెక్కేయాలి. అది మార్చి మందం రెట్టింపు చేస్తే ట్రాన్స్‌కండక్టెన్స్ కూడా దాదాపు రెట్టింపైంది, ఆ గ్రాఫ్ చూసి ఎంత సంతోషమేసిందో! కాకపోతే ట్రాన్సిస్టర్ స్పీడ్ తగ్గింది, నరాల సిగ్నల్స్ పట్టాలంటే మందం ఎక్కడ ఆపాలో ఇప్పుడు చూస్తున్నా. మెష్ సంగతి చెప్పినవాళ్లకి చాలా థాంక్సండీ.