అంచులు రంపం పళ్ళలా కనిపిస్తున్నాయి, ఎంఎస్‌ఏఏ పెట్టాలా, ఎఫ్‌ఎక్స్‌ఏఏ చాలా?

కాజీపేట_రైడర్:
జీటీఏ 5 గేమ్ ఆడుతున్నా. కరెంటు తీగలు, రోడ్డు అంచులు మెట్లు మెట్లుగా కనిపిస్తున్నాయి. గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1650, 4 జీబీ. మానిటర్ 1080పీ (1920×1080 పిక్సెళ్ళు). అంచుల్ని నున్నగా చేసే సెట్టింగుల్లో ఎఫ్‌ఎక్స్‌ఏఏ ఆన్ చేస్తే కొంచెం తగ్గింది గానీ పోలేదు.

హన్మకొండ_పిక్సెల్:
తమ్మీ, ముందు ఎఫ్‌ఎక్స్‌ఏఏ తీసెయ్. అది బొమ్మంతా తయారయ్యాక అంచుల్ని వెతికి రుద్దుతుంది, దాంతోపాటు బోర్డుల మీద అక్షరాలు కూడా మసకబారతాయి. ఎంఎస్‌ఏఏ 4ఎక్స్ పెట్టు. ఒక్కో పిక్సెల్‌లో నాలుగు చోట్ల చూసి, అంచు ఎంతమేరకు వచ్చిందో లెక్కగట్టి రంగు కలుపుతుంది.

ఓరుగల్లు_ఫ్రేమ్స్:
1650 మీద 4ఎక్సా అన్నా? ఇది డిఫర్డ్ రెండరింగ్ (వస్తువుల వివరాలు ముందు దాచుకుని, వెలుగు తర్వాత లెక్కగట్టే పద్ధతి) గేమ్, ఎంఎస్‌ఏఏ పెడితే మెమరీ బాగా తింటుంది. గడ్డి సెట్టింగ్ అల్ట్రాలో ఉంటే ఊరు దాటగానే ఫ్రేములు (సెకనుకు తెర మీద మారే బొమ్మలు) సగానికి పడతాయి.

హన్మకొండ_పిక్సెల్:
నేను అన్నది మసక గురించి. అక్షరాలు మసకబారతాయా, లేదా? కార్డు చాలకపోతే మంచిది కొనుక్కోవాలి.

ఓరుగల్లు_ఫ్రేమ్స్:
ఈ "కొనుక్కో" మాటకే నేను మోసపోయిన. ఒక షాపులో కార్డు వీక్ అన్నారు, ఇంట్లో అడిగి పద్దెనిమిది వేలు పెట్టి కొత్తది తెచ్చుకున్న. ఇంటికొచ్చి చూస్తే అవే మెట్లు. గేమ్ 1366×768 రిజల్యూషన్‌లో (అడ్డం, నిలువు పిక్సెళ్ళ లెక్క) నడుస్తోందని నెల తర్వాత తెలిసింది. అంటే 10 లక్షల పిక్సెళ్ళను 20 లక్షల పిక్సెళ్ళ తెర మీద సాగదీసి చూస్తున్నా. ఒక్కరూ ఆ ముక్క చెప్పలేదు.

కరీంనగర్_గేమర్:
ఆకులు, జాలీ కంచెలకు మామూలు ఎంఎస్‌ఏఏ పెద్దగా పనిచేయదు. పారదర్శక బొమ్మ అతికించి చేస్తారు, లోపలి గీతలు దానికి అంచులుగా కనబడవు.

హన్మకొండ_పిక్సెల్:
నీ షాపు గొడవ నామీద రుద్దకు. నేను ఆగి స్క్రీన్‌షాట్లు తీసుకుంటా, 35 ఫ్రేములైనా చాలు, గీత సాఫుగా ఉండాలి.

ఓరుగల్లు_ఫ్రేమ్స్:
అదే కదా ఇంతసేపూ చెప్పనిది! నేను బండి నడుపుతా. అంచులు మిలమిలలాడేది కదిలేటప్పుడే, అది నీ స్క్రీన్‌షాట్‌లో పడదు. ఫ్రేములు 40కి పడితే మలుపులో బండి చేతిలో ఉండదు. తమ్ముడు ఎట్ల ఆడతాడో అడగకుండానే ఇద్దరం కొట్లాడుతున్నం.

కాజీపేట_రైడర్:
నేనూ ఎక్కువ బండే నడుపుతా అన్నా. ఇప్పుడే చూసిన, రిజల్యూషన్ 1600×900లో ఉంది. 1920×1080 చేసి, గడ్డి నార్మల్‌కు దించి, ఎంఎస్‌ఏఏ 2ఎక్స్ పెట్టిన, ఎఫ్‌ఎక్స్‌ఏఏ అట్లనే ఉంచిన. తీగలు చాలావరకు సాఫయినయి. కంచెలు మాత్రం ఇంకా మెరుస్తున్నాయి.

హన్మకొండ_పిక్సెల్:
ఒక్కసారి ఎఫ్‌ఎక్స్‌ఏఏ ఆపి షాపు బోర్డు దగ్గర నిలబడి చూడు తమ్మీ.