అప్‌డేట్: నా డి డ్రైవు మళ్లీ డి అయింది

కంప్యూటర్‌లో కొత్త ఎస్‌ఎస్‌డి (వేగంగా పనిచేసే నిల్వ డిస్కు) బిగించాక ఫొటోల డిస్కు అక్షరం డి నుంచి ఇ అయిపోయిందని, ఆల్బమ్ ప్రోగ్రాముకు ఒక్క ఫైలూ దొరకడం లేదని మొన్న అడిగాను కదా. సరైపోయింది. విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి, వచ్చిన జాబితాలోంచి డిస్కుల అక్షరాలు మార్చే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచాను. ఇ మీద కుడి క్లిక్ చేసి అక్షరం మార్చబోతే జాబితాలో డి లేనే లేదు! అరగంట తల గోక్కున్నాక చూస్తే, ఏళ్ల తరబడి తెరవని డీవీడీ డ్రైవు ఆ అక్షరం మీద తిష్ఠ వేసుకుని ఉంది. ముందు దాన్ని జెడ్‌కు సాగనంపి, తర్వాత ఇ స్థానంలో డి పెట్టాను. కొన్ని ప్రోగ్రాములు పనిచేయకపోవచ్చని హెచ్చరిక వచ్చింది. ఆల్బమ్ ప్రోగ్రాము వెతికేది డి అనే పాత అక్షరాన్నే కాబట్టి సరే అన్నాను. రీస్టార్ట్ చేయగానే అమ్మాయి అన్నప్రాశన ఫొటోలు వరుసగా తెరుచుకున్నాయి. డిస్కు ఫార్మాట్ చేయమన్న, అంటే అందులోవన్నీ చెరిపేయమన్న, మా బావగారి సలహా వినకపోవడమే మంచిదైంది.